వీరాయమ్మ దాచిన అడుగులు

పప్పులో గోంగూర వేసి మూత పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వీరాయమ్మ వసారాలోకి వచ్చేసరికి చంటివాళ్ళు ముగ్గురూ చాప మీద ఎవరి పనిలో వాళ్ళున్నారు.

రత్నం కూతురు బోర్లా పడి ఉంది. అయిదో నెల పిల్ల. మెడ గట్టిగా నిలబెట్టి ఊరంతా తనదే అన్నట్టు అటూ ఇటూ చూస్తోంది. మెడ, భుజాలు, అంతవరకే దాని పెత్తనం. నడుము దగ్గర్నుంచి కింద భాగం ఇంకా దాని మాట వినడం లేదు. కాళ్ళు రెండూ వెనకాల వాటి ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. ముందుకు పాకుదామని అది గట్టిగా ఊపిరి బిగబట్టినప్పుడల్లా కాస్త వెనక్కి జరుగుతోంది.

దాని పక్కన రమణబాబు కూర్చుని ఉన్నాడు. పేరు పెద్దమనిషిదే గాని వాడికింకా తొమ్మిది నెలలే. ఎదర పోసిన మరమరాలతో వాడికి పెద్ద పేచీగా ఉంది. మొన్నమొన్నటిదాకా చెయ్యంతా చాచి చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేవాడు. తరవాత పిడికిలి నిండా పట్టడం నేర్చుకున్నాడు గాని, నోటిదాకా తీసుకెళ్ళాక పిడికిలి విప్పడం తెలియక ఏడ్చేవాడు. ఇవాళ బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, నాలిక బయటపెట్టి, ఒకే ఒక్క మరమరాన్ని పైకెత్తాడు. ఎత్తి, తినకుండా, కంసాలి బంగారం చూసుకున్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“అబ్బో! రమణబాబు గారికి వేళ్ళు వచ్చేసేయండోయ్,” అంది వీరాయమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని.

మూడోవాడు లోవరాజు. తాతగారి పేరు పెట్టారు. వాడు గోడ పట్టుకుని నిలబడి, కిటికీ చువ్వ మీద తబలా వాయిస్తున్నాడు. బొద్దుగా, నిండుగా, రెండు బుగ్గల మధ్య ముక్కు ఎక్కడుందో వెతుక్కోవలసినట్టు ఉంటాడు. పదిహేనో నెల నడుస్తోంది. వాడే నడవడం లేదు.

ఊరి చివర పంటకాలువ పక్కన, కొబ్బరితోట అంచున కట్టిన ఒంటిగది అంగన్వాడీ అది. గదిలో పెద్దపిల్లలకి కుసుమ టీచరు పాట నేర్పుతోంది. మూడేళ్ళు నిండనివాళ్ళని పగలంతా ఉంచుకోవాలని రూలు లేదు. కాని పనులకి పోయే తల్లులు పొద్దున్నే చంకనబెట్టుకు వచ్చి, “కాస్త చూస్తూ ఉండండమ్మా,” అని గుమ్మంలో నిలబడితే కాదనే మనసు ఆ ఇద్దరికీ లేదు. అందుకని గది కుసుమది, వసారా ఆయా వీరాయమ్మది. ఏ సూపర్‌వైజరమ్మా కాదనలేదు, అవుననీ అనలేదు.

వీరాయమ్మ పొట్టి మనిషి. మణికట్లు మాత్రం మగవాడివంత లావుగా ఉంటాయి. ఏళ్ళ తరబడి ఒకే పక్క పిల్లల్ని ఎత్తుకుని ఎత్తుకుని ఎడమ తుంటి కాస్త బయటికి వచ్చి, చంకలో ఎవరూ లేకపోయినా ఎవరినో మోస్తున్నట్టే ఓ పక్కకి ఒరిగి నడుస్తుంది. చీర కుచ్చెళ్ళు చీలమండలకి పైనే దోపుకుంటుంది. పిల్లలు పట్టుకుని పైకి లేవడానికి కొంగు మాత్రం వదులుగా వేలాడేస్తుంది.

పాట అయ్యాక కుసుమ మంచినీళ్ళ కోసం బయటికి వచ్చింది. సన్నగా, కళ్ళజోడుతో, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు ఉండే మనిషి. గ్లాసు ముంచుకుంటూ, “మొన్న ట్రైనింగులో చెప్పేరు వీరాయమ్మగారూ. పిల్లలకి అదుపు పైనుంచి కిందికి దిగుతుందిట. ముందు తల, తరవాత నడుము, ఆఖరికి కాళ్ళు. అలాగే మధ్య నుంచి చివరికి. ముందు భుజం, తరవాత మోచెయ్యి, ఆఖరికి వేళ్ళు,” అంది.

వీరాయమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. “అదేంటండి? కొబ్బరిమొక్క కింది నుంచి పైకి వస్తుంది కదా. మనిషి పైనుంచి కిందికి వస్తాడా?”

“ఆయ్, అలాగే వస్తాట్ట.”

“అయితే మా లోవరాజు నడుందాకా వచ్చి ఆగిపోయేడండి,” అంది వీరాయమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

“ఆగలేదు లెండి. అందరికీ వరస ఒకటే గాని అందరి గడియారం ఒకటి కాదన్నారు. ఎవడి తొందర వాడిది, ఎవడి నిదానం వాడిది,” అని కుసుమ, కళ్ళజోడు కుండ మూత మీదే మరిచిపోయి లోపలికి వెళ్ళింది.

వీరాయమ్మ కళ్ళజోడు ఇచ్చి వచ్చి, గుడ్లు ఒలవడానికి పీట వేసుకుంది. అప్పుడే వెనక పాక వాళ్ళ కోడిపెట్ట మెట్లెక్కి వచ్చింది. మెడ సాగదీసి చూసి, రమణబాబు ఎదర పోసిన మరమరాల్ని టకటకా ఏరుకోవడం మొదలెట్టింది. తాను పొద్దుటి నుంచీ పడుతున్న పాటు ఒక పిట్ట ఇంత సులువుగా చేసెయ్యడం చూసి రమణబాబు నోరు తెరిచాడు. కోడి వాడి మోకాలు చుట్టూ తిరిగి లోవరాజు ముందు నుంచి వెళ్ళింది.

లోవరాజు తబలా ఆపాడు. కోడి తోక వంక చూశాడు. “ఊ!” అన్నాడు. కిటికీ చువ్వ వదిలేశాడు.

వీరాయమ్మ చేతిలో గుడ్డు చేతిలోనే ఉంది. లోవరాజు చేతులు రెండూ భుజాల పైకి ఎత్తి, పొట్ట ముందుకు పెట్టి, కాళ్ళు ఎడంగా వేసి, పడవలో నిలబడ్డ మనిషిలా ఊగుతూ, ఓ అడుగు వేశాడు. ఇంకో అడుగు. కోడి పక్కకి తిరిగింది. వాడూ తిరగబోయాడు. తిరగడం ఇంకా రాదు కదా, దబ్బున చతికిలబడ్డాడు. ఏడవలేదు. ఇది ఎవరు చేశారు అన్నట్టు వీరాయమ్మ మొహంలోకి చూశాడు.

ఆమె వాణ్ణి చూడలేదు. మొదట గదిలోకి చూసింది. కుసుమ బోర్డు వైపు తిరిగి ఉంది. తరవాత రోడ్డు మీదికి చూసింది. ఎవరూ లేరు. అప్పుడు గాని ఊపిరి వదలలేదు. గబగబా వెళ్ళి వాణ్ణి ఎత్తుకుని, తడి చేత్తోనే బుగ్గలు నొక్కి, చెవిలో, “దొంగవెధవా! కాసేపు ఓపిక పట్టు. మీ అమ్మ రానీ,” అంది.

ఇదేమీ ఆమెకి కొత్త కాదు. ఆ వసారాలో ఎంతమంది మొదటి అడుగు పడిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లలవి, పెళ్ళిళ్ళయిన పిల్లలవి కూడా ఉన్నాయి వాటిలో. ఒక్కటీ తల్లులకి చెప్పలేదు. సాయంత్రం పిల్లని అందిస్తూ, “ఇవాళో రేపో నడిచేట్టుందమ్మా. ఇంటికెళ్ళి కాస్త కింద వదిలి చూడు,” అనేది, అంతే. మర్నాడు ఆ తల్లి పరిగెత్తుకుంటూ వచ్చి, “నడిచిందండీ! రాత్రి నడిచింది! నా కళ్ళెదరే!” అని చెప్పేది. వీరాయమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, “అవునా! పడిపోలేదు కదా? ఏడ్చిందా, నవ్విందా? ఎవరి దగ్గరికి వచ్చింది?” అని అన్నీ అడిగేది. అడిగి, మొత్తం విని, ఆ తల్లికంటే ఎక్కువ ఆనందపడేది.

తన కూతురు భవాని నడిచినప్పుడు వీరాయమ్మకి ఇరవై ఏళ్ళు కూడా లేవు. కొబ్బరిపీచు పనికి వెళ్ళేది. పీచు తియ్యడానికి కొబ్బరిడొక్కలు నానబెట్టిన నీళ్ళల్లో పొద్దస్తమానం నిలబడి, ఒళ్ళంతా ఆ వాసనతో ఇంటికి వచ్చేసరికి అత్తగారు వాకిట్లోనే ఎదురొచ్చింది. “నీ కూతురు నడిచేసిందే! వీధి వీధంతా చూసేరు. నువ్వొక్కదానివే లేవు!” అంది. పాపం, ఆవిడ సంతోషంలో అంది. ఆ మాటలో విషం లేదు. పక్కింటావిడ అప్పటికే ఇంట్లో ఉన్న అరిసెలు పంపింది. వీరాయమ్మ అందరితోపాటు నవ్వి, ఓ అరిసె తిని, చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళింది. చేతులు కడగడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.

లోవరాజు సంగతీ మామూలుగా జరిగిపోవలసిందే. కాని ఇక్కడో చిక్కు ఉంది. వాడి తల్లి లావణ్య మలికిపురంలో బట్టల షాపులో పని చేస్తుంది. దీపాలు పెట్టాక గాని ఇల్లు చేరదు. సాయంత్రం నాలుగింటికి వాణ్ణి తీసుకెళ్ళేది నాయనమ్మ అచ్చాయమ్మ. తండ్రి ప్రకాష్ కువైట్లో ఉన్నాడు. కోడి వెనకాల నడిచినవాడు నాయనమ్మ వెనకాల నడవకుండా ఉంటాడా?

వీరాయమ్మ ఈ ఆలోచనలో ఉండగానే రోడ్డు మీద నల్ల గొడుగు కనిపించింది. అచ్చాయమ్మే. మామూలుగా మధ్యాహ్నం పూట రాదు. భారీ మనిషి, మెట్టుకొకసారి ఆగి, గొడుగు మడిచి, ఆయాసం తీర్చుకుంది.

“ఏమండీ వదినగారూ, నడిచేడా మావాడు?” అంది రాగానే.

“రండి వదినగారూ, కూర్చోండి. ఎండలో వచ్చేరు. మజ్జిగ తాగుదురు గాని,” అంది వీరాయమ్మ.

“మజ్జిగ మాట తరవాత. మా ఆడపడుచు మనవడు పదో నెలకే వీధులు తిరిగేడు. వీడు చూడండి, సోఫాలా కూర్చుంటాడు. డాక్టరుగారేమో కంగారు లేదంటారు. ఆయనకేం, ఇంటికెళ్ళిపోతారు. వీధిలో అడిగేవాళ్ళకి సమాధానం చెప్పేది నేను కదా! రాజోల్లో మా పెత్తల్లి కూతురు చెప్పింది. ఇసకలో గొయ్యి తీసి నడుందాకా కప్పెట్టి రోజూ కాసేపు నిలబెడితే కాళ్ళు గట్టిపడతాయిట.”

“కాళ్ళు గోతిలో ఉంటే ఇంక నడవడం ఎలాగండి వదినగారూ?”

అచ్చాయమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ప్రశ్న ఆమెకి తట్టినట్టు లేదు. దాన్ని దాటేసి, “అసలిదంతా తల్లి దగ్గర లేకపోబట్టి. తల్లి ఎదురుగా ఉంటే పిల్లాడు ఎప్పుడో నడిచేవాడు. ఈ నెలాఖరుకి షాపు మాన్పించేస్తాను. ప్రకాష్‌కి ఫోన్లో చెప్పేసేను కూడా,” అంది.

లావణ్య షాపుకి వెళ్ళడం మొదలెట్టాకే మనిషి తేరుకుంది. అంతకుముందు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఫోను వంక చూస్తూ, కూర్చున్నచోటే కూర్చునేది. ఇప్పుడు పొద్దున్నే పిల్లాణ్ణి అందిస్తూ, ఏ చీర ఎలా మడిచి చూపిస్తే కొనేవాళ్ళకి కన్ను పడుతుందో చేతులు తిప్పి మరీ చెబుతుంది. బొమ్మకి చీర కట్టే పని యజమాని ఆ పిల్లకే అప్పజెప్పాడట. ఆ సంగతి చెప్పినరోజు ఆ మొహం చూడాలి.

ఒక్క మాట చాలు. ‘పొద్దున్న నడిచేడండి వదినగారూ,’ అంటే సరిపోతుంది. గొయ్యీ ఉండదు, మాన్పించడమూ ఉండదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కాని వెంటనే అచ్చాయమ్మ వాణ్ణి కింద నిలబెడుతుంది, వాడు నడుస్తాడు, రాత్రి లావణ్య ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే ఈవిడ ఎదురెళ్తుంది. ఏమంటుందో వీరాయమ్మకి అక్షరం అక్షరం తెలుసు.

ఇంతలో లోవరాజు ఆమె ఒళ్ళోంచి జారి, స్తంభం పట్టుకుని లేచి, నాయనమ్మ గొడుగు వంక చూశాడు. “ఊ!” అన్నాడు. ఆ ‘ఊ’ ఎలాంటిదో వీరాయమ్మకి తెలుసు. వాడి చెయ్యి స్తంభాన్ని వదిలింది.

“చీమలు!” అని ఒక్క అరుపు అరిచి వీరాయమ్మ వాణ్ణి గభాల్న ఎత్తి చంకనేసుకుంది.

అచ్చాయమ్మ ఉలిక్కిపడి కాళ్ళు పైకి పెట్టుకుంది. “ఎక్కడా?”

“వెళ్ళిపోయేయండి.”

“ఎప్పుడు చూసినా చంకన ఎక్కించుకునే ఉంటారు. ఇంక వాడెక్కడ నడుస్తాడు వదినగారూ!”

“ఆయ్, నిజమేనండి,” అంది వీరాయమ్మ బుద్ధిగా. చంకలో లోవరాజు నడవడానికి గాలిలో కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు.

అచ్చాయమ్మ మజ్జిగ తాగి, నాలుగింటికి వస్తానని గొడుగు విప్పుకుని వెళ్ళింది.

పిల్లల భోజనాలయ్యాయి. అన్నం కంచాల్లో కంటే చాప మీద ఎక్కువ ఉంది. వీరాయమ్మ ఒక చేత్తో లోవరాజుని పట్టుకుని, ఒక చేత్తో గిన్నెలు తోమి, తాను ఓ ముద్ద తింటూ ఉండగా ఐ.పోలవరం నుంచి కూతురు భవాని ఫోను చేసింది.

“ఇవాళ్టితో నీ ఉద్యోగం ఆఖరు కదమ్మా. సన్మానం ఏమైనా చేస్తున్నారా?”

“సన్మానమా! టీచరుగారు శాలువా కొంటానంటే, ఈ ఉక్కలో శాలువా కప్పితే చచ్చిపోతాను, వద్దండి అన్నాను.”

“రేపట్నుంచి ఏం చేస్తావు మరి?”

“ఏం చేస్తాను, పొద్దెక్కేదాకా పడుకుంటాను.”

“నువ్వా? పడుకోవడమా?” భవాని పకపకా నవ్వింది.

వీరాయమ్మ కూడా నవ్వి, “భవానీ, నువ్వు మొదట నడిచిన రోజు నీకేమైనా గుర్తుందా?” అంది.

“బావుంది! ఏడాది పిల్లకి గుర్తుంటుందా ఎక్కడైనా?”

“అదే. నీకు గుర్తు లేదు, నేను చూళ్ళేదు. చూసినావిడ మీ నాయనమ్మ. ఆవిడ ఆ సంగతి తనతో పట్టుకుపోయింది.”

తల్లి ఇంతకుముందు ఈ మాట ఎప్పుడూ అనలేదు. “అమ్మా, ఏంటి? బానే ఉన్నావా?” అంది మెల్లిగా.

“బంగారంలా ఉన్నాను. పని ఉంది, పెట్టేయి,” అని వీరాయమ్మ ఫోను బొడ్లో దోపుకుని తిన్నగా గదిలోకి నడిచింది.

పెద్దపిల్లలు నిద్రపోతున్నారు. కుసుమ గోడకి జారగిలబడి కునుకు తీస్తోంది.

“టీచరుగారండీ, లావణ్యకి ఓసారి ఫోను చెయ్యండి. నాలుగింటికల్లా ఇక్కడికి రమ్మనండి.”

కుసుమ కళ్ళజోడు సర్దుకుంది. “ఎందుకండీ?”

“బరువు చూస్తున్నామని చెప్పండి.”

“బరువు పోయిన వారమే చూసేం కదా.”

“మళ్ళీ చూద్దాం. వారంలో పిల్లలు పెరగరా ఏంటండి?”

కుసుమ ఆమె మొహంలోకి, చంకలో ఉన్న లోవరాజు మొహంలోకి చూసింది. ఇంకేమీ అడక్కుండా ఫోను తీసింది. అటు నుంచి లావణ్య కంగారు గొంతు బయటికే వినిపించింది. “ఏమైనా తేడాగా ఉందా టీచరుగారూ? కాళ్ళా?”

“అబ్బే, ఏం లేదండి. మీరొస్తే బావుంటుందని ఆయాగారు అంటున్నారు.”

“దొడ్డమ్మగారన్నారా? అయితే వస్తాను,” అంది లావణ్య.

ఇక నాలుగయ్యేదాకా వీరాయమ్మ వాణ్ణి చంక దించలేదు. వాడు ఒళ్ళు విరిచాడు, ముక్కుపుడక లాగాడు, మెడ మీద కొరికాడు, ఆఖరికి అలిగి నిద్రపోయాడు. నిద్రలో కూడా కాలివేళ్ళు ముడుస్తూ విప్పుతూ ఉన్నాడు. చెయ్యి తిమ్మిరెక్కినా దించితే మేలుకుంటాడని దించలేదు. రత్నం వచ్చి తన కూతుర్ని తీసుకెళ్ళింది. రమణబాబు వాళ్ళ మామ్మ వచ్చి వాణ్ణి తీసుకెళ్ళింది. “వేళ్ళొచ్చేయి, చెవిపోగులు జాగ్రత్తండి,” అని ఆవిడకి చెప్పింది వీరాయమ్మ.

అచ్చాయమ్మ ముందే వచ్చింది. ఆ వెనకే ఆటో ఆగి లావణ్య దిగింది. నుదురు నిండా చెమట. భుజం మీద చీరలకి పెట్టే పిన్నీసులు వరసగా గుచ్చి ఉన్నాయి, తీయడం మరిచిపోయినట్టుంది. అత్తగారిని అక్కడ చూసి నడక తగ్గించింది.

కుసుమ తానన్న మాట ప్రకారం లోవరాజుని బరువు చూసింది, గోడకి ఆనించి పొడుగు చూసింది. “బావున్నాడండి. ఎదుగుదలకేం లోటు లేదు,” అంది.

“ఎదుగుతున్నాడు, సరే. కదలాలి కదా,” అంది అచ్చాయమ్మ.

వీరాయమ్మ వాణ్ణి చాప మధ్యలో నిలబెట్టింది. లావణ్యని ఎదురుగా కూర్చోబెట్టింది. “రా నాన్నా, అమ్మ దగ్గరికి రా!”

లోవరాజు తల్లిని చూసి నవ్వాడు. నవ్వి, హాయిగా చతికిలబడ్డాడు. మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ కూర్చున్నాడు. లావణ్య గాజులు మోగించింది. కుసుమ చప్పట్లు కొట్టింది. వాడు చాప నేతలో ఇరుక్కున్న మరమరం ఒకటి పీకి నోట్లో వేసుకుని, అందరినీ తీరిగ్గా చూస్తూ నమిలాడు.

పొద్దుటి నుంచీ ఆపితే ఆగనివాడు ఇప్పుడు రాయిలా కూర్చున్నాడు. ‘నేనే చెడగొట్టేనా? నడవకూడదని వీడికి నేనే నేర్పేనా?’ అనుకుంది వీరాయమ్మ.

“చూసేరు కదండీ,” అంది అచ్చాయమ్మ. కోపంగా అనలేదు, దిగులుగా అంది. “లావణ్యా, నేను చెప్పిన మాట ఆలోచించు. ఉద్యోగం ఇవాళ కాకపోతే ఇంకో ఏడాది చేస్తావు. పిల్లాడు ముఖ్యం.”

లావణ్య తల వంచుకుంది. “గంటే పర్మిషనిచ్చేరండి. ఈ పూటకి వెళ్ళాలి,” అని లేచింది. వాడి తల నిమిరి, వసారా దాటి, మెట్లు దిగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

లోవరాజు నమలడం ఆపాడు. అమ్మ వీపు చూశాడు. పొద్దున్న వెళ్ళేటప్పుడు వీపు, ఇప్పుడు మళ్ళీ వీపు. వాడు రెండు చేతులూ నేలకి ఆనించి, ముందు పిర్రలు పైకెత్తి, తరవాత తల ఎత్తి, ఎవరూ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు.

వీరాయమ్మ వాడికీ మెట్లకీ మధ్య నిలబడి ఉంది. చప్పుడు చెయ్యకుండా పక్కకి తప్పుకుంది. అచ్చాయమ్మ నోరు తెరవబోతే ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

“లావణ్యా,” అంది, “వెనక్కి చూడమ్మా.”

లావణ్య చూసింది.

వాడు వస్తున్నాడు. చేతులు పైకెత్తి, పొట్ట ముందుకి తోసి, అడుగడుక్కీ ఎటో పడబోతూ, పడకుండా, నోరంతా తెరిచి నవ్వుతూ వస్తున్నాడు. లావణ్య ఏమందో, ఎలా మెట్లెక్కిందో ఎవరికీ తెలియదు. వసారా అంచున మోకాళ్ళ మీద కూలబడి చేతులు చాచింది గాని వాణ్ణి పట్టుకోలేదు. పట్టుకుంటే అడుగులు ఆగిపోతాయి కదా. వాడే వచ్చి, ఆమె గుండెలకి తలతో ఢీకొట్టి ఆగాడు. అప్పుడు పట్టుకుంది. పిన్నీసులు గుచ్చుకుంటాయని కుసుమ అరిచింది. ఎవరూ వినలేదు.

“నా తండ్రే! నా బాబే!” అచ్చాయమ్మ గొడుగు కింద పడేసి వచ్చి ఇద్దరి మీదా వాలిపోయింది. “నేను చెప్పలేదూ, ఇవాళ నడుస్తాడని! పొద్దున్నే నాకు కుడికన్ను అదిరింది, వాడికి బలం మా వైపుదే!” అంటూ కళ్ళొత్తుకుంది. ఏ కన్ను అదిరితే ఏమిటో ఆ క్షణంలో ఎవరూ ఆమెని అడగలేదు.

లావణ్య తలెత్తింది. మొహమంతా తడి. “దొడ్డమ్మగారూ, చూసేరా? ఎలా వచ్చేడో చూసేరా?”

“చూసేనమ్మా,” అంది వీరాయమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని. “ఎంత దర్జాగా వచ్చేడు! తిన్నగా నీ దగ్గరికే!”

వాడితో మళ్ళీ నడిపించారు. అమ్మ నుంచి నాయనమ్మకి, నాయనమ్మ నుంచి అమ్మకి. ఇందాక మొరాయించినవాడు ఇప్పుడు కూర్చోమన్నా కూర్చోవడం లేదు. లావణ్య షాపుకి ఫోను చేసి, ఇవాళ్టికి రాలేనని, సంగతి ఇదని చెప్పింది. అటువైపు కూడా ఎవరో ఆడపిల్లలు కేకలు వేయడం వినిపించింది.

“బియ్యం ఇవాళ నానబోస్తాను,” అంది అచ్చాయమ్మ గొడుగు ఏరుకుంటూ. “అడుగులకి అరిసెలు వండకపోతే ఎలా? ఎల్లుండికి అవుతాయి. మీ షాపువాళ్ళకి కూడా పట్టుకెళ్దువు గాని లావణ్యా. కేకలేసినవాళ్ళకి పెట్టకపోతే బావుండదు.”

లావణ్య అత్తగారి వంక చూసింది. “ఎల్లుండి షాపుకి... పట్టుకెళ్ళనా అత్తయ్యగారూ?”

“మరి నేను మోసుకెళ్తానా మలికిపురం దాకా?” అంది అచ్చాయమ్మ. ఆ తరవాత గొంతు కాస్త తగ్గించి, “ఇవాళ వచ్చేవు కాబట్టి చూసేవు. ఇంక వీడి వెనకాల పరిగెత్తడం నా వంతు లే,” అంది. వీరాయమ్మ వైపు తిరిగి, “వదినగారూ, మీరు కూడా రావాలి. పాకం చూడ్డానికి మీ చెయ్యి కావాలి,” అంది.

“తప్పకుండా వస్తానండి. రేపట్నుంచి తీరికే,” అంది వీరాయమ్మ.

ముగ్గురూ వెళ్ళారు. కాలవగట్టు మీద లావణ్య పిల్లాణ్ణి ఎత్తుకుని ముందు, అచ్చాయమ్మ ఎండ లేకపోయినా వాడి మీద గొడుగు పట్టుకుని వెనక.

కుసుమ వసారా స్తంభానికి ఆనుకుని చాలాసేపు చూసింది. “వీరాయమ్మగారూ, నిజం చెప్పండి. వాడు నడవడం ఇదే మొదటిసారా?”

“వాళ్ళమ్మ చూడ్డం ఇదే మొదటిసారండి,” అంది వీరాయమ్మ.

కుసుమ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇన్నేళ్ళలో ఎంతమంది తల్లులు పొద్దున్నే పరిగెత్తుకొచ్చి చెప్పారో, ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని ఎంత ముచ్చటగా విందో ఒక్కొక్కటీ గుర్తొచ్చినట్టుంది.

వీరాయమ్మ చాప దులిపి చుట్టింది. పొయ్యి దగ్గర బూడిద ఎత్తింది. కుండలో నీళ్ళు వంపి బోర్లించింది. తన స్టీలు గ్లాసూ, పీట మీది పాత తువ్వాలూ సంచిలో వేసుకుంది. ఇంకేం ఉన్నాయా అని చూస్తే తనవంటూ ఏమీ లేవు.

“రేపు కొత్తమ్మాయి వస్తుంది కదండీ. చిన్నపిల్లట. భయపడుతుంది, కాస్త చూసుకోండి. ఆ పిల్లకి ఒక్క మాట చెప్పండి. ఈ వసారాలో ఎవరైనా నడిస్తే తల్లికి చెప్పొద్దనండి. నడిచేట్టున్నారు, చూసుకోండి అనమనండి, చాలు.”

“మీరే వచ్చి చెప్పొచ్చు కదా. అప్పుడప్పుడూ రండి.”

“వస్తానండి. కొన్నాళ్ళు పోనివ్వండి. పిల్లలు ఆ అమ్మాయి కొంగు పట్టుకోవడం నేర్చుకోవాలి కదా. నేనొస్తే నా కొంగే పట్టుకుంటారు,” అని నవ్వింది.

సంచి కుడిచేతిలో పట్టుకుంది. మెట్లు దిగింది. కాలవగట్టు మీద, ఎడమ పక్కకి కాస్త ఒరిగి, ఎవరినో చంకనేసుకున్నట్టే నడుచుకుంటూ వెళ్ళింది. మలుపు దగ్గర ఒకసారి తిరిగి చెయ్యి ఊపింది. తరవాత కొబ్బరిచెట్ల మధ్య కనిపించలేదు.

కుసుమ తలుపు గొళ్ళెం పెట్టి మెట్లు దిగబోయి ఆగింది. వెంటనే రోడ్డు వైపు చూసి, “లావణ్యగారూ!” అని పిలవబోయి మానేసింది. వాళ్ళు ఈపాటికి ఇల్లు చేరి ఉంటారు. చేరినా ఆ అమ్మాయి తన పాదాల వంక చూసుకుని ఉండదు.

మెట్ల కింద లావణ్య చెప్పులు, ఒకటి వెల్లకిలా, ఇంకొకటి దానికి దూరంగా కనకాంబరం మొక్క మొదట్లో, విసిరినవి విసిరినట్టే ఉన్నాయి.